రశీదు లేని ఫిర్యాదు: దక్షిణ తెలంగాణలో పోలీసు సంస్కరణ ఎక్కడ ఆగిపోతోంది

సోమవారం వస్తే నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, వనపర్తిలోనైనా కలెక్టరేట్ ప్రజావాణి దగ్గర ఒకే తీరు మనుషులు కనిపిస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్, నిలువుగా మడిచిన తెల్ల కాగితం. అదే కాగితం అంతకుముందే మండలంలో ఎస్సైకి ఇచ్చి ఉంటారు, తహసీల్దారుకు ఇచ్చి ఉంటారు, ఎస్పీ ఆఫీసులోనూ ఇచ్చి ఉంటారు. ఎప్పుడిచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఏం చేశారు అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. "ఇచ్చినం, చూస్తమన్నరు" అన్న మాటే రుజువు.

పోలీసు సంస్కరణ అనగానే చర్చ డీజీపీ ఎంపిక మీదికో, బదిలీల మీదికో, ఫ్రెండ్లీ పోలీస్ నినాదం మీదికో పోతుంది. అవి చిన్న విషయాలని కాదు. కానీ దేవరకొండ, మక్తల్, కొల్లాపూర్ లాంటి చోట్ల ప్రభుత్వం మీద మనిషికి నమ్మకం నిలిచేదీ, పోయేదీ స్టేషన్ రైటర్ బల్ల దగ్గర. ఫిర్యాదు ఇచ్చినవాళ్లు తేదీ, నంబరు ఉన్న కాగితంతో బయటికి వచ్చారా, ఉత్త చేతులతో వచ్చారా అన్నదే అక్కడ అసలు కొలత. ఎస్సై నవ్వుతూ మాట్లాడి కుర్చీ వేయడం మంచిదే. నెల తర్వాత ఆ నవ్వును పట్టుకుని కోర్టుకు పోలేరు.

పిటీషన్ వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు

ఊళ్లలో "కేసు పెట్టినం" అన్న మాటకు చాలాసార్లు "పిటీషన్ ఇచ్చినం" అనే అర్థం. రెండింటికీ నడుమ చాలా దూరం ఉంది. పిటీషన్ అంటే కాగితం. దాన్ని పోలీసులు జనరల్ డైరీలో ఎక్కించి, నేరం కాగ్నిజబుల్ (మెజిస్ట్రేటు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలది) అయితే ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేస్తేనే దర్యాప్తు మొదలైనట్టు. కాగ్నిజబుల్ నేరమని ఫిర్యాదు చదవగానే తెలుస్తుంటే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరులో తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత దీనికి 173వ సెక్షన్‌లో కొత్త రూపం ఇచ్చింది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. అదే జీరో ఎఫ్‌ఐఆర్. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వచ్చి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

ఇదే సెక్షన్‌లో పోలీసుల చేతికి ఒక వెసులుబాటు కూడా వచ్చింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి, ఆ తర్వాత నమోదు సంగతి తేల్చవచ్చు. చిక్కంతా ఇక్కడుంది. డీఎస్పీ అనుమతి తీసుకున్నారా, పద్నాలుగు రోజుల లెక్క ఏ తేదీన మొదలైంది అన్నది ఫిర్యాదుదారుకు తెలిసే దారి లేదు. రశీదు లేకపోతే ఆ గడువుకు తల లేదు, తోక లేదు. "విచారణలో ఉంది" అన్న ఒక్క మాట మీద నెలలు గడిచిపోతాయి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఏం చేయాలో అదే సెక్షన్ నాలుగో ఉపవిభాగం చెబుతుంది. ఫిర్యాదు సారాంశం రాసి ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. 175(3) కింద మెజిస్ట్రేటు దర్యాప్తుకు ఆదేశించవచ్చు. కానీ ఎస్పీకి పంపినట్టు ఆధారం, అఫిడవిట్ జతచేయకపోతే ఆ దరఖాస్తు నిలవదు. అందుకే ఎస్పీ ఆఫీసు ఇన్‌వర్డ్ ముద్రకు, స్పీడ్ పోస్టు రశీదుకు అంత విలువ. సోమవారం గ్రీవెన్స్‌లో కాగితం చేతికిచ్చి, ఫొటో దిగి వచ్చేస్తే మెజిస్ట్రేటు ముందు పెట్టడానికి ఏమీ మిగలదు.

ఎఫ్‌ఐఆర్ ఎందుకు కట్టరు అంటే అందరూ లంచం వైపే వేలు చూపిస్తారు. అది ఉన్నచోట ఉంది. అంతకంటే మామూలు కారణం లెక్క. ప్రతి ఎఫ్‌ఐఆర్ ఆ స్టేషన్ నేరాల పట్టికలో ఒక అంకె అవుతుంది. నెలవారీ సమీక్షలో అంకె పెరిగితే సంజాయిషీ ఎస్సైదే. నమోదయ్యాక దర్యాప్తు, సాక్షులు, చార్జిషీటు, వాయిదాలు అన్నీ అదే కొద్దిమంది సిబ్బంది మెడకు చుట్టుకుంటాయి. పిటీషన్‌గానే ఉంచి రెండు వైపులా కూర్చోబెట్టి మాట్లాడితే అంకె పెరగదు, పనీ పెరగదు. నేరాలు తగ్గించారా అని కాకుండా వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్నింటిని నమోదు చేశారు అని పైవాళ్లు అడగడం మొదలుపెట్టనంత కాలం ఈ లెక్క మారదు.

దీనికి బందోబస్తు తోడు. కురుమూర్తి జాతర, చెరువుగట్టు, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు, నల్లమలలో సలేశ్వరం, వీటి మధ్యలో మంత్రుల పర్యటనలు, హైవే మీద ప్రమాదాలు. దర్యాప్తు చేయాల్సిన మనిషే తాడు పట్టుకుని జనాన్ని ఆపుతుంటాడు. దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయాలని 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇందుకే. కానీ ఆ ఆదేశంలోనే ఒక మాట ఉంది: ముందు పది లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో మొదలుపెట్టి మెల్లగా చిన్న ఊళ్లకు విస్తరించాలని. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆ అంకెకు దరిదాపుల్లో ఉన్న పట్టణం ఒక్కటీ లేదు. అంటే ఆ సంస్కరణ ఇక్కడికి రావడానికి మొదటి నుంచీ తొందర ఎవరికీ లేదు.

"ఇది సివిల్ మ్యాటర్"

ఈ ప్రాంతంలో స్టేషన్‌కు వచ్చే కాగితాల్లో భూమి గొడవలదే పెద్ద వాటా, స్టేషన్ నుంచి వచ్చే జవాబుల్లో "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి" అన్నదే ఎక్కువ. ఆ జవాబు సగం నిజం. హక్కు ఎవరిదో తేల్చే అధికారం పోలీసులకు లేదు, ఉండకూడదు. అయితే హక్కు గొడవ నడుస్తున్న చేనులోకి గుంపుగా వచ్చి కడీలు పీకడం, కొడవలి ఎత్తడం సివిల్ కాదు. అక్రమ ప్రవేశం భారతీయ న్యాయ సంహిత 329 కింద కాగ్నిజబుల్. గొడ్డలి, కొడవలి లాంటి వాటితో గాయపరిస్తే 118(1), అదీ కాగ్నిజబుల్. ఉత్త చేతులతో కొట్టి, గాయం చిన్నదైతే 115(2). దానికి మెజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు లేదు. పిటీషన్ రాసేవాళ్లు "నన్ను కొట్టినారు, న్యాయం చేయగలరు" అని వదిలేసి, దేనితో కొట్టారు, ఎక్కడ తగిలింది, ఎంతమంది వచ్చారు అన్నది రాయకపోతే ఆ కాగితం తేలిక సెక్షన్‌లోకి జారుతుంది. గాయం ఉంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా చూపించుకోవాలి. వూండ్ సర్టిఫికెట్ (గాయం ఎలాంటిదో డాక్టర్ రాసిచ్చే కాగితం) వచ్చేదాకా ఎఫ్‌ఐఆర్ ఆపడం స్టేషన్లలో అలవాటుగా మారింది. చట్టంలో అలాంటి నిబంధన లేదు. సర్టిఫికెట్ వచ్చాక సెక్షన్ మార్చుకోవచ్చు.

దళితుల, గిరిజనుల భూమి విషయంలో సివిల్ అన్న మాట అసలే చెల్లదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)లో ఎఫ్, జీ ఉపవిభాగాలు వాళ్ల భూమిని అక్రమంగా ఆక్రమించడాన్ని, సాగు చేసుకోవడాన్ని, వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టడాన్ని నేరంగానే చూస్తాయి. 2018 సవరణతో వచ్చిన 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారి మీద నాలుగో సెక్షన్ ఉంది. దేవరకొండ తండాల నుంచి గద్వాల దాకా ఈ సెక్షన్లు తెలిసిన ఊరికీ, తెలియని ఊరికీ స్టేషన్‌లో దొరికే జవాబు వేరుగా ఉంటుంది.

గొడవలు ఠాణా మీద ఇంతగా పడటానికి రెవెన్యూలో జరిగిన మార్పు కూడా కారణం. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది, అదే ఏడాది అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. మోక మీద ఎవరున్నారో, గట్టు ఎక్కడుందో ఊళ్లో ఉండి చెప్పే ప్రభుత్వ మనిషి లేకుండా పోయాడు. వీఆర్వోల మీద ఆరోపణలు తక్కువేమీ కావు, వాళ్లను తీసేసినప్పుడు పటాసులు కాల్చిన ఊళ్లున్నాయి. కానీ ఆ ఖాళీలో హద్దు గొడవకు దగ్గరలో దొరికే మొదటి అధికారి ఎస్సై అయ్యాడు. రికార్డు చూసే అధికారం, కొలిచే గొలుసు రెండూ ఆయన దగ్గర లేవు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. నమూనాగా తీసుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఆ ఏడాది సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులు వచ్చారు. వాళ్లు ఊళ్లో కుదురుకుంటే స్టేషన్‌కు వచ్చే కాగితాలు కొన్నైనా తగ్గాలి.

కౌంటర్ కేసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకరు పిటీషన్ ఇవ్వగానే కబురు అవతలివాళ్లకు చేరుతుంది, సాయంత్రానికి వాళ్లదీ ఒక పిటీషన్ వస్తుంది. ఇద్దరి మీదా ఇంచుమించు అవే సెక్షన్లు పడతాయి. ఇక రెండు వైపులా కోర్టు చుట్టూ తిరగలేక లోక్ అదాలత్‌లో రాజీ పడతారు. కాగితం మీద రెండు కేసులు పరిష్కారమైనట్టు. దెబ్బలు తిన్నవాడి లెక్కలో మాత్రం కొట్టినవాడికీ తనకూ ఒకే శిక్ష పడింది. ఒకే ఘటనలో రెండు వైపుల కథలనూ ఒకే అధికారి కలిపి దర్యాప్తు చేసి, ఏది నిజమో తేల్చి, అబద్ధమైనదాన్ని మూసేయాలి. అలా తేల్చడానికి పట్టే శ్రమ కంటే రాజీకి పట్టే శ్రమ తక్కువ.

బైండోవర్ గురించి రెండు మాటలు. ఎన్నికల ముందు ఊళ్లో పదిమందిని తహసీల్దారు ముందు నిలబెట్టి పూచీకత్తు రాయించుకోవడం మామూలైంది. శాంతి భంగం కలిగిస్తారన్న అనుమానం మీద నాగరిక్ సురక్షా సంహిత 126 కింద ఏడాది దాకా, పాత నేరస్థులని 129 కింద మూడేళ్ల దాకా బాండు అడగవచ్చు. కానీ అందిన సమాచారం ఏమిటి, ఎంత మొత్తం, ఎంత కాలం అని తహసీల్దారు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, విచారణ చేసి, ఆరు నెలల్లో ముగించాలి. ఆ ఉత్తర్వు నకలు అడిగి తీసుకున్నవాళ్లు ఎంతమంది?

పోలీస్ పటేల్ నుంచి ఎమ్మెల్యే లెటర్ దాకా

ఈ నేల మీద పోలీసు అన్న మాటకు ఒక పాత నీడ ఉంది. నిజాం కాలం నుంచి ఊళ్లో మాలీ పటేల్, పట్వారీలతో పాటు పోలీస్ పటేల్ ఉండేవాడు. వంశపారంపర్యంగా వచ్చే ఆ కొలువు ఎక్కువగా ఊరి పెద్ద కులాల చేతిలో ఉండేది. ఫిర్యాదు ఎవరి మీద ఇవ్వాలో ఆ మనిషి దగ్గరే ఫిర్యాదు ఇవ్వాల్సిన స్థితి. నల్లగొండ జిల్లాలో 1946లో మొదలైన సాయుధ పోరాటం దేశ్‌ముఖ్‌ల మీద ఎంతో, వాళ్ల వెనక నిలబడ్డ ఈ ఊరి యంత్రాంగం మీద కూడా అంతే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. తర్వాతి రెండు దశాబ్దాలు నక్సలైట్ల భయంతో నల్లమల అంచున స్టేషన్లు ముళ్లకంచెల వెనక నడిచాయి. 1993లో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు సోమశిల దగ్గర మందుపాతర పేలుడులో చనిపోయారు. ఆ కాలంలో స్టేషన్ మెట్లెక్కినవాడిని అటు అన్నలూ, ఇటు పోలీసులూ ఇద్దరూ అనుమానంగానే చూశారు. ఆ కంచెలు పోయాయి. జిల్లా పోలీసుకు పునాది అయిన చట్టం మాత్రం ఇప్పటికీ 1329 ఫస్లీ నాటిది, అంటే నూరేళ్లు దాటిన నిజాం చట్టం.

ప్రకాశ్ సింగ్ తీర్పులోని మిగతా ఆదేశాల్లో ఊరికి నేరుగా తగిలేవి రెండు. ఒకటి, స్టేషన్ హౌస్ ఆఫీసర్ (ఎస్‌హెచ్‌ఓ)కు, ఎస్పీకి కనీసం రెండేళ్ల పదవీకాలం. పోస్టింగుకు స్థానిక ఎమ్మెల్యే లెటర్ కావాలన్నది ఇక్కడ టీకొట్టు దగ్గర కూడా దాచకుండా మాట్లాడుకునే సంగతి. ప్రభుత్వాలు మారినా ఆ మాట మారలేదు. లెటర్‌తో వచ్చిన ఎస్సైకి పైఅధికారి ఎస్పీనా, లెటర్ ఇచ్చినవారా అన్న అనుమానం జనంలో మొదటి రోజే పుడుతుంది. ఆయన ఎంత నిజాయతీగా పనిచేసినా ఆ అనుమానం మోయాల్సిందే.

రెండోది పోలీసు ఫిర్యాదుల అథారిటీ. జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన ఏర్పడి, డీఎస్పీ స్థాయి వరకు ఉన్నవాళ్ల మీద వచ్చే ఆరోపణలు చూడాలి. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారమే కాక, బలవంతపు వసూళ్లు, భూమి లేదా ఇల్లు ఆక్రమణ, అధికార దుర్వినియోగం కూడా దాని పరిధిలోకి వస్తాయి. దాని సిఫార్సులు ప్రభుత్వానికి శిరోధార్యం కావాలని కోర్టు అన్నది. భూమి ఆక్రమణ అన్న మాటను సుప్రీంకోర్టు ప్రత్యేకంగా రాసిందంటే, ఈ జబ్బు పాలమూరుకో నల్లగొండకో పరిమితం కాదన్నమాట. అలాంటి అథారిటీ ఆఫీసు ఎక్కడుందో చెప్పే బోర్డు స్టేషన్ గోడ మీద ఉంటే చాలు, సగం పని అయినట్టే. షీ టీమ్స్ నంబరుకు దొరికినంత గోడ దీనికి దొరకలేదు.

నమ్మకం ఏ వైపు మొగ్గుతుంది

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానంతో తీసుకొచ్చిన ఒక దళిత మహిళ చనిపోయారు. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచే తొలగించారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, బంధువుకు కబురు పెట్టాలి, అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి అని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే రాసింది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలి. పాత సీఆర్‌పీసీలో 41ఏ, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 35(3). ఇవన్నీ కాగితాలే. "ఒకసారి స్టేషన్‌కు రమ్మన్నరు" అన్న ఫోన్ పిలుపుకు మాత్రం ఏ కాగితమూ ఉండదు, ఏ గడువూ ఉండదు. స్టేషన్‌లో జరిగే ఘోరాలకు తలుపు తెరుచుకునేది అక్కడే. మహిళలను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 ఏళ్లు దాటినవాళ్లను సాక్షులుగా విచారించాలంటే వాళ్లున్న చోటికే వెళ్లాలని 179వ సెక్షన్ చెబుతోంది.

దీనికి ఎదురుగా నిలబడేది 2019. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర యువ వెటర్నరీ డాక్టర్ కనిపించకుండా పోయినప్పుడు, ఇది మా పరిధి కాదంటూ తిప్పారని కుటుంబం ఆరోపించింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. తొమ్మిది రోజులకు, డిసెంబరు 6 తెల్లవారుజామున, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఆమె అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లు నారాయణపేట జిల్లావాళ్లు. ఆ పొద్దున జనం పోలీసుల మీద పూలు చల్లారు. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల మాట కట్టుకథ అని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని, నిందితుల్లో ముగ్గురు మైనర్లని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ నివేదికను బయటపెట్టి విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

పూలు చల్లిన జనానికి పోలీసుల మీద నమ్మకం ఉందని చాలామంది అప్పట్లో రాశారు. నిజానికి ఆ పూలు నమ్మకం లేకపోవడానికి గుర్తు. కేసు కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది, సాక్షులు మారిపోతారు, చివరికి ఏమీ కాదు అన్న అనుభవం నుంచి వచ్చినవి. మొదటి రాత్రే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. పరిధి పేరుతో జరిగిన ఆలస్యానికీ, తొమ్మిదో రోజు జరిగిన తొందరకూ వేరు ఒకటేనని మాత్రం చెప్పవచ్చు: రెండు చోట్లా రాసి ఉన్న దారిని పక్కన పెట్టారు. రాసి ఉన్న దారిలో నడిచిన కేసూ ఈ ప్రాంతంలోనే ఉంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట జరిగిన పరువు హత్య కేసులో నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న తీర్పు ఇచ్చింది. ఒకరికి మరణశిక్ష, మిగిలిన నిందితులకు జీవిత ఖైదు. ఆరున్నరేళ్లు పట్టింది. ఆలస్యమే, కానీ సీసీ కెమెరా దృశ్యాలు, సాక్షులు, పకడ్బందీ చార్జిషీటు అంత కాలం నిలబడ్డాయి.

స్థానిక ప్రభుత్వం ఎక్కడ

ఊళ్లో గొడవ జరిగితే ముందు ఫోన్ పోయేది సర్పంచ్‌కు. స్టేషన్‌కు పోయినా ఎస్సై అడిగే మొదటి మాట "మీ సర్పంచ్‌ను తీసుకొచ్చారా" అనే. చట్టంలో చూస్తే సర్పంచ్‌కు ఇందులో ఏ పాత్రా లేదు. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలతో రాజ్యాంగంలో పదకొండో షెడ్యూలు ఉంది. పోలీసు అందులో లేదు. పైగా 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌ను తొలగించే అధికారం కలెక్టర్ చేతికిచ్చింది. కాబట్టి సర్పంచ్ ఠాణాలో నిలబడేది ఎన్నికైన ప్రతినిధిగా కాదు, పెద్దమనిషిగా. ఈ తేడా చిన్నది కాదు. పెద్దమనుషుల పంచాయితీకి రాత ఉండదు, అప్పీలు ఉండదు. రెండు వైపులా కట్టిన ధరావతు ఎవరి దగ్గర ఉంది, ఎంత తిరిగి వచ్చింది అన్నదానికి లెక్క ఉండదు. రాజీయే కావాలంటే చట్టం ఒప్పుకునే దారి మండల న్యాయ సేవా కమిటీ. కోర్టుకు పోకముందే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు, లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. ఫోన్ నంబరు 15100.

పంచాయతీకీ ఠాణాకూ నిజంగా ముడి వేసిన తీర్పు ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, రిసెప్షన్, ఎస్సై గది అన్నీ కనిపించేలా, మాట వినిపించేలా కెమెరాలు పెట్టాలని, రికార్డు 18 నెలలు ఉంచాలని, వీలు కాకపోతే కనీసం ఏడాదైనా ఉంచాలని చెప్పింది. వాటిని చూసుకునే జిల్లా పర్యవేక్షణ కమిటీలో కలెక్టర్, ఎస్పీతో పాటు పట్టణాల్లో మేయర్‌కు, పల్లె ప్రాంతాల్లో జిల్లా పరిషత్ అధ్యక్షులకు కుర్చీ వేసింది. ఓటుతో గెలిచిన మనిషికి ఠాణా లోపలి కెమెరా గురించి అడిగే హక్కు ఇచ్చిన చోటు ఇదొక్కటే.

ఆ కుర్చీ సంగతి ఏమైంది? తెలంగాణలో జిల్లా పరిషత్ పాలకవర్గాల గడువు 2024 జూలైలో ముగిసింది. సర్పంచ్‌ల పదవీకాలం ఆ ఏడాది జనవరి ఆఖరుకే అయిపోయింది. పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. మధ్యలో అన్నిచోట్లా ప్రత్యేకాధికారులు. జిల్లా పరిషత్‌కు కలెక్టరే ప్రత్యేకాధికారి అయినప్పుడు, ఆ కమిటీలో కలెక్టర్‌ను ప్రశ్నించాల్సిన కుర్చీలోనూ కలెక్టరే. పోలీసు సంస్కరణ, స్థానిక సంస్థల ఎన్నికలు వేర్వేరు అంశాలనుకుని చర్చించేవాళ్లు చూడాల్సింది ఇదే. సొంత డబ్బు పెట్టి పనులు చేయించి, బిల్లులు రాక ఆందోళనకు బయల్దేరిన మాజీ సర్పంచ్‌లను ముందస్తు అరెస్టు పేరుతో స్టేషన్లలో కూర్చోబెట్టడం కూడా ఈ ఖాళీ కాలంలోనే చూశాం.

2024 నవంబరు 11న కొడంగల్ ప్రాంతంలోని లగచర్లలో కలెక్టర్ మీద జరిగిన దాడిని కూడా ఈ కోణంలో చూడాలి. భూసేకరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ రోజది. దాడి నేరమే, కేసు పెట్టాల్సిందే. కానీ ఊరికీ కలెక్టర్‌కూ మధ్య ఎన్నికైన సర్పంచ్ గానీ, ఎంపీటీసీ గానీ ఆ రోజు పదవిలో లేరు. తర్వాత జైల్లో ఉన్న ఒక రైతును సంకెళ్లతో ఆసుపత్రికి తీసుకెళ్లిన ఫొటో బయటికొచ్చి, జైలు అధికారుల మీద చర్య తీసుకోవాల్సి వచ్చింది. భూమి పోతుందన్న భయంతో మొదలైన వ్యవహారంలో జనానికి గుర్తుండిపోయింది ఆ సంకెళ్లే.

కెమెరా లెక్కలు

కెమెరా ఉంటే చాలు అనుకోవడం ఇంకో పొరపాటు. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఇరవై నాలుగు గంటలూ రికార్డు చేస్తే రోజుకు 21 జీబీకి పైగా అవుతుంది. ఎనిమిది కెమెరాలకు రోజుకు 170 జీబీ పైన. రికార్డు చేసే డబ్బాలో రెండు టీబీ హార్డ్‌డిస్క్ ఉంటే పదకొండు, పన్నెండు రోజులకే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. అదే 18 నెలలు దాచాలంటే 90 టీబీకి పైగా కావాలి. కొత్త రకం కంప్రెషన్ వాడితే అందులో సగానికి దిగవచ్చు. అయినా మామూలు స్టేషన్‌లో గోడకు కొట్టిన డబ్బాతో అయ్యే పని కాదు. "ఫుటేజీ లేదు" అన్న జవాబు కొన్నిసార్లు అబద్ధం, చాలాసార్లు నిజం. అది ఏది అన్నది తేల్చాలంటే డిస్క్ ఎంతది, చివరిసారి ఎప్పుడు పాడైంది, ఎవరికి రిపోర్టు చేశారు అన్న రిజిస్టరు కావాలి. కెమెరా చెడిపోతే జిల్లా కమిటీకి తెలియజేసే బాధ్యత ఎస్‌హెచ్‌ఓదేనని అదే తీర్పు చెప్పింది.

ఊరి కెమెరాలది మరో కథ. చందాలతోనో, దాతతోనో, పంచాయతీ డబ్బుతోనో కూడలిలో పెడతారు, ఎస్పీ గారో, డీఎస్పీ గారో రిబ్బను కత్తిరిస్తారు. ఆర్నెల్లకు పిడుగు పడి అడాప్టరు కాలిపోతుంది, కోతులు వైరు తెంపుతాయి, కరెంటు బిల్లు ఎవరిదన్న పేచీ వస్తుంది. కొనడానికి డబ్బు దొరికినంత తేలికగా నిర్వహణకు దొరకదు. పైగా డబ్బు ఊరిది, డబ్బా స్టేషన్‌ది అయినచోట, దృశ్యాలు ఎవరు చూడవచ్చు, ఎన్నాళ్లు ఉంచాలి అన్నదానికి రాతపూర్వక ఒప్పందం ఉండదు. ఊరివాళ్ల మీదే గొడవ వచ్చిన రోజు ఆ ప్రశ్న తలెత్తుతుంది.

కొత్తగా గెలిచిన సర్పంచ్‌లకు ఇక్కడ చేతిలో పని ఉంది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరగాలి. ఊరి కెమెరాలు ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని రోజుల రికార్డు నిలుస్తుంది, ఎవరి సంతకంతో బయటికి ఇస్తారు అన్న మూడు విషయాలు తీర్మానంగా రాయించవచ్చు. మండల స్టేషన్ ఎస్‌హెచ్‌ఓను పిలిచి, గత రెండు నెలల్లో ఈ ఊరి నుంచి ఎన్ని పిటీషన్లు వచ్చాయి, ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లయ్యాయి, ఎన్ని ప్రాథమిక విచారణలో ఉన్నాయి అని అంకెలు అడగవచ్చు. పేర్లు అక్కర్లేదు. ఎస్‌హెచ్‌ఓ రావాల్సిందేనని చట్టంలో లేదు. పిలిచిన లేఖ, రాని సంగతి రెండూ మినిట్స్‌లో ఎక్కితే చాలు. సమాచార హక్కు కింద పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు. ఎవరి స్వేచ్ఛకైనా, ప్రాణానికైనా సంబంధించిందైతే 48 గంటలు. ఎఫ్‌ఐఆర్ కట్టిన 24 గంటల్లో, సున్నితమైన కేసులు తప్ప, వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి నంబరు తెలిస్తే నకలు అక్కడా దొరుకుతుంది. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ అంటోంది.

స్టేషన్ ఫుటేజీ కావాలంటే మాత్రం ఈ గడువులు నమ్ముకుని కూర్చోకూడదు. డిస్క్ పన్నెండు రోజులదే అయితే పదమూడో రోజు పెట్టిన దరఖాస్తుకు జవాబు ముందే తెలిసిపోతుంది. ఘటన జరిగిన రెండు మూడు రోజుల్లోనే తేదీ, సమయం, ఏ కెమెరా అన్నది రాసి, రికార్డు చెరిగిపోకుండా భద్రపరచమని ఎస్‌హెచ్‌ఓకు, ఎస్పీకి, జిల్లా పర్యవేక్షణ కమిటీకి ఒకేసారి స్పీడ్ పోస్టులో పంపి, మూడు రశీదులూ పాసుపుస్తకం ఉన్న కవర్లోనే దాచుకోవాలి.